గోడకు బిగించిన గీజరు ఇంట్లో భాగమా, సామానా? బీమా పేచీని తేల్చుకోవడం ఎలా

అమలాపురం, రాజోలు, నరసాపురం, యానాం వైపుల నుంచి పాఠకులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఇంటికి బీమా ఉంది. స్నానాలగదిలో గోడకు బిగించిన గీజరో, డాబా మీద పెట్టిన సోలార్ వాటర్ హీటరో పాడైంది. క్లెయిము పెడితే బీమా కంపెనీ వారు ‘ఇది భవనంలో భాగం కాదు, సామాన్ల కిందికి వస్తుంది, మీకు సామాన్ల బీమా లేదు’ అంటున్నారు. అద్దె ఇంట్లో ఉంటూ సామాన్లకు మాత్రమే బీమా తీసుకున్న వారికి సరిగ్గా దీనికి ఎదురు జవాబు వస్తోంది: ‘ఇది గోడకు బిగించి ఉంది కనుక భవనంలో భాగం, మీకు భవన బీమా లేదు.’ ఒకే వస్తువు ఒక ఇంట్లో సామాను, పక్క ఇంట్లో భవనం ఎలా అవుతుందని అడగడం న్యాయమే. ఆ ప్రశ్నను ఎవరిని, ఎప్పుడు, ఏ కాగితం మీద అడగాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

గదిని వేడిచేసే హీటర్లు మన డెల్టాలో ఎవరికీ అక్కర్లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున స్నానానికి వేడినీళ్లు ఉంటే చాలు. కనుక ఇక్కడి పేచీ అంతా గీజరు, గ్యాస్ గీజరు, సోలార్ వాటర్ హీటరు చుట్టూనే తిరుగుతుంది. బకెట్లో వేసే హీటర్ రాడ్డు గురించి సందేహమే లేదు, అది సామానే. స్ప్లిట్ ఏసీ, వంటింటి చిమ్నీ, ఇన్వర్టరు, మోటారు స్టార్టరు వంటి వాటికి కూడా ఈ మెట్లే పనికివస్తాయి.

దగ్గర ఉంచుకోవలసినవి

- పాలసీ షెడ్యూలుతో పాటు పూర్తి నిబంధనల పత్రం. షెడ్యూలు అంటే పేరు, చిరునామా, బీమా మొత్తం ఉన్న ఒకటి రెండు పేజీలు మాత్రమే. పేచీ తేలేది నిబంధనల పత్రంలో. అది మీ దగ్గర లేకపోతే కంపెనీకి మెయిలు పెట్టి తెప్పించుకోండి.
- వస్తువు కొన్న బిల్లు. పోయి ఉంటే కొన్న దుకాణంలో మీ ఫోన్ నంబరు చెప్పి నకలు అడగండి. అక్కడా దొరకకపోతే వారంటీ కార్డు, యూపీఐ చెల్లింపు వివరం, వస్తువు మీద అతికించిన సీరియల్ నంబరు పట్టీ ఫొటో పనికివస్తాయి.
- బిగించిన ప్లంబరు లేదా ఎలక్ట్రీషియన్ ఇచ్చిన రసీదు.
- పాడవక ముందు ఆ గది, ఆ డాబా కనిపించే ఫొటోలు. గృహప్రవేశం ఆల్బమ్‌లో వెనకాల గోడ మీద కనిపించినా సరే.
- అద్దెకు ఉన్నవారికి అద్దె ఒప్పందం, ఇంటి రుణం ఉన్నవారికి బ్యాంకు తీయించిన బీమా కాగితం.

1. మీది ఏ పాలసీయో, అందులో ఏ భాగాలు ఉన్నాయో చూడండి

షెడ్యూలులో ‘భారత్ గృహ రక్ష’ అన్న పేరు ఉందేమో ముందుగా చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన ప్రామాణిక గృహ బీమా ఇది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా దీని మూల పాఠం ఒక్కటే కనుక కింద చెప్పే నిర్వచనాలు మీకూ వర్తిస్తాయి. వేరే పేరుతో ఉన్న పాలసీ అయితే మెట్లు ఇవే గాని నిర్వచనాల మాటలు వేరుగా ఉండవచ్చు. మీ పత్రంలో ఉన్న మాటలనే తీసుకోండి.

తరువాత ‘హోమ్ బిల్డింగ్’ (భవనం), ‘హోమ్ కంటెంట్స్’ (సామాన్లు) అన్న రెండు వరుసల ఎదుట విడివిడిగా అంకెలు ఉన్నాయో లేదో చూడండి. భారత్ గృహ రక్షలో రెండూ కలిపి తీసుకున్నవారికి, సామాన్ల విలువ విడిగా ప్రకటించకపోయినా, భవన బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు సాధారణ సామాన్లకు రక్షణ దానంతట అదే వస్తుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,000 రూపాయల చొప్పున 20 లక్షల భవన బీమా ఉందనుకుంటే, సామాన్లకు 4 లక్షలు ఉన్నట్టే. ఈ సంగతి తెలియక ‘నాకు కంటెంట్స్ లేదు’ అని, నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయరు ముందు తామే ఒప్పుకునేవారు చాలామంది ఉన్నారు.

ఇంటి రుణం తీసుకున్నవారు మరింత జాగ్రత్తగా చూడాలి. బ్యాంకుకు తాకట్టు ఉన్నది భవనం కనుక, చాలాచోట్ల భవనానికి మాత్రమే బీమా తీయిస్తారు. భవనం పద్దు కింద మంజూరైన డబ్బు మీద పాలసీలో పేరున్న బ్యాంకుకు హక్కు ఉంటుంది, అది రుణ ఖాతాకు పోవచ్చు. సామాన్ల పద్దు కింద వచ్చే డబ్బు సాధారణంగా మీ చేతికే వస్తుంది. కాబట్టి గీజరు ఏ పద్దులో పడిందన్నది డబ్బు ఎవరికి చేరుతుందన్న ప్రశ్న కూడా.

2. రెండు నిర్వచనాలను పక్కపక్కన పెట్టి చదవండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ మెట్టు మీద పెట్టండి. భారత్ గృహ రక్షలో భవనం నిర్వచనం ప్రకారం నేలకు, గోడలకు, పైకప్పుకు శాశ్వతంగా బిగించిన అమరికలు, శానిటరీ ఫిట్టింగులు, విద్యుత్తు వైరింగు భవనంలో భాగమే. అదనపు నిర్మాణాల జాబితాలో ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, స్థిరమైన నీళ్ల ట్యాంకులతో పాటు సోలార్ ప్యానెళ్లు, ఏసీ వ్యవస్థలు, సెంట్రల్ హీటింగ్ వ్యవస్థలు, ‘అండ్ ది లైక్’ (అటువంటివి) అన్న మాట కూడా కనిపిస్తాయి.

ఇంతవరకు చదివి ‘అయితే నా గీజరు భవనమే’ అని పుస్తకం మూసేయకండి. సామాన్ల నిర్వచనానికి వెళ్లండి. ఇంటి నిర్మాణానికి శాశ్వతంగా బిగించనివి సామాన్లు అని మొదట చెప్పి, సాధారణ సామాన్లకు ఉదాహరణలు ఇచ్చేచోట ఫర్నిచరు, టీవీ, వంటింటి పరికరాలతో పాటు సోలార్ ప్యానెళ్లు, నీరు నిల్వచేసే సామగ్రి, విద్యుత్ పరికరాలు అని రాసి, ఆ చివరి మాట పక్కనే ‘గోడలకు బిగించినవాటితో సహా’ అన్నారు. అంటే సోలార్ ప్యానెళ్ల పేరు రెండు జాబితాల్లోనూ ఉంది, గోడకు బిగించిన విద్యుత్ పరికరం కూడా రెంటిలోనూ ఇమిడేలా ఉంది. పేచీకి మూలం ఇదే. పాఠం రాసినవారే రెండు తలుపులూ తెరిచి ఉంచారు.

దీని నుంచి మీకు పనికివచ్చే నిర్ణయాలు ఇవి.

భవనం, సామాన్లు రెంటికీ బీమా ఉంటే గీజరు ట్యాంకును సామాన్ల కిందే అడగండి. ‘గోడలకు బిగించినవాటితో సహా’ అన్న మాట గీజరుకు అచ్చంగా సరిపోతుంది. భవనంలో భాగమని వాదించి గెలవాలన్న పట్టుదల వల్ల ఆలస్యం తప్ప లాభం లేదు.

భవనానికి మాత్రమే బీమా ఉంటే, శాశ్వతంగా బిగించిన అమరిక అన్న మాట మీద నిలబడాలి. అప్పుడు అది ఎలా బిగించి ఉంది, దాన్ని ఊడదీస్తే గోడకు ఏమవుతుంది, ఎందుకోసం అక్కడ పెట్టారు అన్నవి ముఖ్యమవుతాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షను కూడా, గోడ వంటి కట్టడాన్ని శాశ్వతంగా, ప్రయోజనకరంగా అనుభవించడం కోసం దానికి బిగించినదాన్ని భూమికి అంటుకున్నదిగానే లెక్కిస్తుంది. ఇల్లు కట్టేటప్పుడే గోడలో గొట్టాలు దాచి, ప్రత్యేకంగా వైరింగు లాగి, టైల్స్ వేయడానికి ముందే బ్రాకెట్టు బిగించిన గీజరుకు ఈ వాదన బలంగా ఉంటుంది. నిరుడు కొని మేకుకు తగిలించినంత తేలికగా పెట్టిన మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరుకు అంత బలం ఉండదు. ఆశ పెట్టుకోకుండా అడగండి.

అద్దెకు ఉండి సామాన్లకు మాత్రమే బీమా తీసుకున్నవారు, ఆ గీజరు ఎవరు కొన్నారో ముందు తేల్చుకోవాలి. యజమానిదైతే దాని మీద మీరు క్లెయిము పెట్టలేరు. మీరు కొని పెట్టించుకున్నదైతే, వేరే ఒప్పందం లేనంతవరకు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాన్ని ఊడదీసుకుని వెళ్లే హక్కు అదే చట్టం 108వ సెక్షను అద్దెదారుకు ఇస్తోంది. తీసుకుపోగలిగిన మీ వస్తువు ఇంటి యజమాని భవనంలో భాగమన్న కంపెనీ వాదనకు ఇదే గట్టి జవాబు.

3. సోలార్ హీటరు ఉంటే డాబా ఎక్కి స్టాండు కాళ్లు చూడండి

శ్లాబుకు రంధ్రం వేస్తే వానాకాలంలో నీరు కారుతుందన్న భయంతో మన వైపు చాలామంది సోలార్ హీటరు స్టాండును శ్లాబుకు బిగించనివ్వరు. నాలుగు సిమెంటు దిమ్మలు పోసి, వాటి మీద స్టాండు కాళ్లను నిలబెట్టి, నిండిన ట్యాంకు బరువే దాన్ని పట్టి ఉంచుతుందని సరిపెట్టుకుంటారు. తుపాను గాలికి ఆ స్టాండు పిట్టగోడ వైపు జరిగి గాజు గొట్టాలు పగిలినప్పుడు, సర్వేయరు మొదట ఫొటో తీసేది ఈ దిమ్మలనే. దిమ్మ శ్లాబుకు అతికి ఉందా, కాలు దిమ్మలోకి బోల్టుతో దిగి ఉందా, ఊరికే పైన ఆని ఉందా అన్నదాన్ని బట్టి ‘శాశ్వతంగా బిగించినది’ అన్న మాట నిలుస్తుంది లేదా పోతుంది.

మీ స్టాండు ఊరికే ఆని ఉంటే, భవనానికి మాత్రమే బీమా ఉన్నట్లయితే, ఈ పనిని వానాకాలానికి ముందే సరిచేయించుకోండి. దిమ్మల్లో యాంకర్ బోల్టులు బిగించి, చుట్టూ నీరు దిగకుండా పూత వేయిస్తే శ్లాబుకు హాని ఉండదు. పని అయ్యాక ప్రతి కాలునూ దగ్గరగా ఫొటో తీసి, మేస్త్రీ దగ్గర తేదీతో రసీదు తీసుకోండి.

సోలార్ వాటర్ హీటరు, కరెంటు తయారుచేసే సోలార్ ప్యానెలు ఒకటి కావని కంపెనీ అనవచ్చు. అది నిజమే గాని జాబితా చివర ‘వంటివి’ అన్న అర్థంలో ఉన్న మాట సోలార్ హీటరును కూడా లోపలికి రానిస్తుందని జవాబివ్వండి.

4. వస్తువును ముక్కలుగా రాసుకోండి

‘గీజరు సెట్టు, 1’ అని ఒకే వరుసలో రాస్తే, ట్యాంకు మీద పేచీ వచ్చినప్పుడు మిగిలినవన్నీ దానితో పాటు కొట్టుకుపోతాయి. ట్యాంకు, బ్రాకెట్టు, గోడలో దాచిన గొట్టాలు, బయటి కనెక్షను గొట్టాలు, వైరింగు, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్చు), పగిలిన టైల్స్, తిరిగి పూత, రంగు, బిగింపు కూలి అని విడివిడిగా రాసి ఒక్కోదానికి ధర వేయించండి. వైరింగు, గోడలోని గొట్టాలు, టైల్స్ భవనంలో భాగమేనన్నదాని మీద పేచీ పెట్టడం కష్టం. ఆ డబ్బు ముందు మంజూరు కావాలి. పేచీ ట్యాంకు ఒక్కదానికే పరిమితం కావాలి.

బాగుచేసే ఎలక్ట్రీషియనుకు ఈ మాట ముందే చెప్పండి. మొత్తం కలిపి ఒక అంకె వేసి ఇవ్వడం వారికి అలవాటు.

5. ఏ కారణం వల్ల పాడైందో తేల్చుకోండి

భవనమా, సామానా అన్న వాదన గెలిచి కూడా ఇక్కడ ఓడిపోయేవారు ఉన్నారు. షార్ట్ సర్క్యూట్, అధిక పీడనం, తనంతట తాను వేడెక్కడం, కరెంటు లీకు వంటి కారణాల వల్ల ఒక విద్యుత్ పరికరం పాడైతే ఆ పరికరానికి పరిహారం ఉండదని భారత్ గృహ రక్ష మినహాయింపుల్లో ఉంది. కారణం ఏదైనా సరే, పిడుగుతో సహా అని కూడా ఉంది. అయితే ఆ మినహాయింపు పాడైన ఆ పరికరానికి మాత్రమే వర్తిస్తుందని అక్కడే రాసి ఉంది. గీజరులో షార్ట్ సర్క్యూట్ అయి మంట లేచి తలుపు, ఫాల్స్ సీలింగు, పక్కనున్న వాషింగ్ మెషీను కాలితే, గీజరుకు డబ్బు రాదు గాని మిగిలినవాటికి రావాలి. కంపెనీ మొత్తాన్ని తోసిపుచ్చితే ఆ వాక్యాన్ని చూపించండి.

సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా, కఠినంగా ఉంటుంది. గీజరు లోపల రాడ్డు చుట్టూ తెల్లటి పొర గట్టిపడుతుంది, ఒత్తిడిని వదిలే వాల్వు కూడా ఆ పొరతో మూసుకుపోతుంది. అలా ట్యాంకు పగిలితే అధిక పీడనం అనో, అరుగుదల, తుప్పు అనో ట్యాంకుకు పరిహారం నిరాకరించడం పాలసీ ప్రకారం సబబే. ఆ నీరు కిందికి దిగి పాడుచేసిన చెక్క తలుపులకు, మంచానికి మాత్రం అడగండి. నీటి ట్యాంకులు, పరికరాలు, గొట్టాలు పగలడం, పొంగడం పాలసీ రక్షించే ప్రమాదాల్లో ఉంది.

కొబ్బరి చెట్ల కింద ఉన్న డాబాల సంగతి వేరు. మట్ట గాని, గెల గాని పడి సోలార్ గొట్టాలు పగిలితే తుపాను ఉండనవసరం లేదు. బయటి వస్తువు తగిలి జరిగిన నష్టం అన్న పద్దు కింద అడగవచ్చు. పడిన మట్టను తీసేయకముందే, పగిలిన గొట్టాలతో కలిపి ఫొటో తీయండి.

6. నష్టం జరిగిన రోజు చేయవలసినవి

ముందు ఎంసీబీ దించండి, నీటి వాల్వు కట్టండి. గ్యాస్ గీజరు అయితే సిలిండరు రెగ్యులేటరు తీసి కిటికీ తెరవండి. గది తడిగా ఉండగా గీజరును ముట్టుకోకండి, ఫొటో కోసమైనా సరే.

తరువాత దూరం నుంచి మొత్తం గది, మధ్య దూరం నుంచి గోడ, దగ్గర నుంచి బ్రాకెట్టు, బోల్టులు, గొట్టాల కలయిక, సీరియల్ నంబరు పట్టీ, ఇలా వరుసగా ఫొటోలు తీయండి. వరద నీరు వచ్చి ఉంటే గోడ మీద మరక ఎత్తు కనిపించేలా పక్కన టేపు పెట్టి తీయండి. అదే రోజు కంపెనీకి ఫోను చేసి, చేసిన సంగతిని మెయిలులో కూడా పెట్టి, క్లెయిము నంబరు తీసుకోండి. క్లెయిము ఫారానికి విడిగా గడువు ఉంటుంది, నష్టం గమనించిన రోజు నుంచి 30 రోజులు దాటనివ్వకండి.

ఆ రోజు ఆ ఊళ్లో ఆ ప్రమాదం జరిగిందనడానికి ఒక కాగితం సంపాదించండి. 2018 డిసెంబరులో వచ్చిన పెథాయ్ వంటి పేరున్న తుపానుకు వాతావరణ శాఖ ప్రకటనే చాలు. వేసవి సాయంత్రం వచ్చి అరగంటలో పోయే ఈదురుగాలికి పేరు ఉండదు. అప్పుడు వీఆర్వో దగ్గర ధ్రువీకరణ గాని, ఆ మర్నాటి పత్రికలో మీ మండలం పేరున్న వార్త గాని అవసరం. లంక గ్రామాల వారికి ధవళేశ్వరం దగ్గర ఏ రోజు ఎన్నో ప్రమాద హెచ్చరిక ఇచ్చారన్నది పనికివస్తుంది. మూడో హెచ్చరిక 17.75 అడుగుల దగ్గర జారీ అవుతుంది. అగ్ని ప్రమాదమైతే ఫైర్ స్టేషను ఇచ్చే ధ్రువపత్రం.

హెచ్చరిక: సర్వేయరు చూసేవరకు పాడైన గీజరును పాత సామాన్ల వాడికి వేయకండి. కొత్తది పెట్టించడం తప్పనిసరి అయితే, పాతదాన్ని ఊడదీసేటప్పుడు వీడియో తీసి, బోల్టులతో సహా సంచిలో కట్టి ఉంచండి. గోడలోంచి తీసిన యాంకర్ బోల్టు పొడవే ‘శాశ్వతంగా బిగించినది’ అనడానికి చూపగలిగిన రుజువు.

7. క్లెయిము ఫారంలో రెండు దారులూ రాయండి

ఒకే వస్తువును భవనం పట్టికలోనూ, సామాన్ల పట్టికలోనూ వేసి రెండుసార్లు డబ్బు అడగకండి. అది మోసంగా కనిపిస్తుంది. ఒక పట్టికలో మాత్రమే విలువ వేసి, కింద ఇలా ఒక వాక్యం చేర్చండి:

‘పై పట్టికలోని వాటర్ హీటరు ట్యాంకును సాధారణ సామాన్ల నిర్వచనం కింద కోరుతున్నాము. అది ఆ నిర్వచనంలోకి రాదని మీరు భావిస్తే, శాశ్వతంగా బిగించిన అమరికగా భవనం నిర్వచనం కింద పరిశీలించవలసిందిగా, రెంటిలో దేని కిందా రాదని భావించే పక్షంలో అందుకు ఆధారమైన నిబంధన సంఖ్యను రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.’

రెండు బీమాలూ ఉన్న ఇంటి యజమానికి ఈ వాక్యం తరువాత ‘ఇటూ కాదు, అటూ కాదు’ అని జవాబివ్వడం ఏ కంపెనీకైనా ఇబ్బందే. భవన బీమా ఒక్కటే ఉన్నవారు రెండో దారిని మాత్రమే రాయాలి.

8. సర్వేయరు వచ్చినప్పుడు

సర్వేయరును కంపెనీ నియమిస్తుంది గాని ఆయన లైసెన్సు ఉన్న స్వతంత్ర వృత్తి నిపుణుడు. ఆయనతో వాదన పెట్టుకోకండి, చూపించండి. బ్రాకెట్టు, గోడలోకి దిగిన గొట్టాలు, ప్రత్యేక ఎంసీబీ ఒక్కొక్కటిగా చూపి, వాటి ఫొటోలు తీసుకున్నారో లేదో గమనించండి. ‘ఇది మీరే ఊడదీసుకోవచ్చు కదా?’ అని అడిగితే, ఊడదీయడానికి ఎవరు కావాలో, గోడకు ఏమి జరుగుతుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టమంటే చదివి పెట్టండి, తప్పుంటే పక్కనే మీ మాట రాసి పెట్టండి. నివేదిక నకలు మీకు కావాలని ఆ రోజే కంపెనీకి మెయిలు పెట్టండి.

9. తిరస్కరిస్తే

ఫోనులో చెప్పిన తిరస్కరణను లెక్కలోకి తీసుకోకండి. కారణం, నిబంధన సంఖ్య ఉన్న లేఖ అడగండి. అది వచ్చాక కంపెనీ ఫిర్యాదుల అధికారికి జవాబు రాయండి. జవాబు రెండు పేజీలు దాటనవసరం లేదు. మొదట వారు చూపిన నిబంధన, దాని కింద వారు వదిలేసిన నిర్వచన వాక్యం, దాని కింద మీ ఫొటో సంఖ్య, ఈ వరుస చాలు. పాలసీలోని మాటకు రెండు అర్థాలు వచ్చేచోట, ఆ పాఠం రాసిన కంపెనీకి వ్యతిరేకంగా, బీమా తీసుకున్నవారికి అనుకూలంగా చదవాలన్నది మన న్యాయస్థానాలు పాటిస్తున్న సూత్రం. రోడ్డు పనికి వాడిన బుల్డోజరు ప్రకంపనలకు దెబ్బతిన్న ఒక ముద్రణాలయం క్లెయిములో 2004లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రెండు జాబితాల్లోనూ ఉన్న వస్తువుకు ఈ సూత్రం బాగా సరిపోతుంది.

రెండు వారాల్లో సరైన జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, లేదా 155255కు ఫోను చేయండి. కంపెనీ తిరస్కరించినా, నెల రోజులపాటు జవాబివ్వకపోయినా బీమా పేచీలను విచారించి తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు యానాం కూడా హైదరాబాదు అంబుడ్స్‌మన్ పరిధిలోనే ఉంది, కనుక యానాం పాఠకులు పుదుచ్చేరి వైపు చూడనవసరం లేదు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాది లోపల పెట్టాలి. అంబుడ్స్‌మన్ అవార్డుకు, అంటే తీర్పుకు, కంపెనీ కట్టుబడి ఉండాలి.

ఇది కాకుండా జిల్లా వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. దానికి రెండేళ్ల గడువు, చెల్లించిన ప్రీమియం 5 లక్షలు మించనంతవరకు రుసుము లేదు. అయితే కమిషన్‌లో కేసు నడుస్తుండగా అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. గీజరు ఒక్కదాని కోసమైతే అంబుడ్స్‌మన్ చాలు. ఇంటి మొత్తం నష్టంతో కలిసిన పేచీ అయితే కమిషన్ గురించి ఆలోచించండి.

తరచుగా జరిగే పొరపాట్లు

సంతకం విషయంలో తొందరపాటు అన్నిటికంటే ఖరీదైనది. కొంత మొత్తం మంజూరు చేసి, ‘పూర్తి, తుది పరిష్కారంగా స్వీకరించాను’ అన్న డిశ్చార్జి వోచరు మీద సంతకం అడుగుతారు. అలా సంతకం పెట్టినంత మాత్రాన ఎక్కువ పరిహారం కోరే హక్కు పోదని ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది గాని, మీ అభ్యంతరం కాగితం మీద ఉంటే వాదన చిన్నదవుతుంది. వచ్చిన మొత్తాన్ని తీసుకుంటూనే, వోచరు మీద ‘వాటర్ హీటరు ట్యాంకు విషయమై అభ్యంతరంతో’ అని రాయండి. అలా రాయనివ్వకపోతే అదే రోజు మెయిలు పెట్టండి.

‘ఎలా పోయిందో తెలియదండీ, షార్ట్ సర్క్యూటై ఉంటుంది’ అని ఊహించి చెప్పడం ఇంకొకటి. ఆ ఒక్క మాట ఫారంలోకి ఎక్కితే 5వ మెట్టులో చెప్పిన మినహాయింపు మీ మెడకు చుట్టుకుంటుంది. తెలియకపోతే తెలియదనే చెప్పి, ఎలక్ట్రీషియన్‌తో చూపించి రాయించండి. కారణాన్ని మార్చి రాయించమని మాత్రం ఎవరినీ అడగకండి, అబద్ధం బయటపడితే మొత్తం క్లెయిము పోతుంది.

అపార్టుమెంటులో ఉన్నవారు, అసోసియేషను తీసుకున్న బీమాలో తమ గీజరు కూడా ఉందనుకుంటారు. ఆ పాలసీ నకలు అడిగి, ఫ్లాటు లోపలి అమరికల గురించి ఒక్క వాక్యమైనా ఉందేమో చూడండి. సాధారణంగా లిఫ్టు, మెట్లు, బయటి గోడల దగ్గరే ఆగిపోతుంది.

ఫలితం సరిచూసుకోవడం

డబ్బు ఖాతాలో పడిన రోజున పని అయిపోయిందనుకోకండి. సెటిల్‌మెంటు లెక్క కాగితం తెప్పించి, మీరు ఇచ్చిన ముక్కల జాబితా పక్కన పెట్టి ఒక్కొక్క వరుస సరిచూడండి. ట్యాంకు ఏ పద్దులో వేశారు, గొట్టాలు, వైరింగు, బిగింపు కూలి విడిగా కనిపిస్తున్నాయా, ఏదైనా వరుస మాయమైందా, మొత్తంలోంచి ఏమైనా తగ్గించి ఉంటే దేని పేరున తగ్గించారు అన్నవి చూడాలి. భవనం పద్దు డబ్బు బ్యాంకుకు వెళ్లి ఉంటే, రుణ ఖాతా స్టేట్‌మెంటులో అదే మొత్తం జమ అయిందో లేదో చూడండి.

ఇంకా నష్టం జరగనివారు ఈ పరీక్షను ముందే చేసుకోవచ్చు. కంపెనీకి ఒక మెయిలు పెట్టండి: ‘నా ఇంట్లో గోడకు బిగించిన 25 లీటర్ల గీజరు, డాబా మీద సోలార్ వాటర్ హీటరు ఉన్నాయి. ఇవి నా పాలసీలో ఏ భాగం కింద వస్తాయి?’ ఏజెంటు ఫోనులో చెప్పే జవాబు చాలదు. మెయిలులో రావాలి, వీలైతే పాలసీకి ఎండార్స్‌మెంటుగా, అంటే పాలసీలో భాగమయ్యే అదనపు కాగితంగా, చేర్పించాలి. జవాబు రాకపోతే పది రోజుల తరువాత మళ్లీ పంపి, రెండు మెయిళ్లనూ పాలసీతో పాటు దాచండి. రెన్యువల్ అయినప్పుడు కొత్త షెడ్యూలులో ఆ ఎండార్స్‌మెంటు మళ్లీ కనిపిస్తోందో లేదో చూడండి. పాత పాలసీతో పాటే అది రాలిపోవడం కద్దు.